ఐపీ పెడితే ఇల్లు పోతుందా?

కొండపి దగ్గర మా పెదనాన్న వాళ్ళ ఊళ్ళో ఎవరైనా ఐపీ పెట్టారంటే ఆ మాట పొద్దున టీ కొట్టు దగ్గర మొదలై సాయంత్రానికి టంగుటూరు చేరుతుంది. "అంతా ఎగ్గొట్టాడు" అని అప్పిచ్చినవాళ్ళు తిడతారు. "అంతా పోయింది" అని ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు. నిజానికి ఐపీ పెట్టినవాడు అంతా ఎగ్గొట్టలేడు, అతనికి అంతా పోదు కూడా. ఏది పోతుంది, ఏది నిలుస్తుంది అన్నది చట్టంలో రాసి ఉంది. అది తెలియక మా పెదనాన్న ఇల్లు పోగొట్టుకున్నాడు. అప్పులవాళ్ళకు కాదు, భయానికి పోగొట్టుకున్నాడు.

ఆయనకు ఆరెకరాలు సొంతం, ఇంకో నాలుగెకరాలు కౌలు. పొగాకు వేసేవాడు. వరసగా రెండేళ్ళు ధర దెబ్బ తీసింది. ఎరువుల కొట్టులో బాకీ, కౌలు బాకీ, ఇవి కాక పదకొండు ప్రోనోట్లు. ఆ నోట్ల నకళ్ళన్నీ ఒక రెక్సిన్ సంచిలో ఉండేవి. రెవెన్యూ స్టాంపు మీదుగా ఆయన పెట్టిన సంతకం ఒక్కో నోటుకీ చిన్నదైపోతూ వచ్చింది. మొదటి నోటు మీద పేరు పూర్తిగా ఉంది, ఆఖరి దాని మీద రెండు అక్షరాలూ ఒక గీత. ఇద్దరు కోర్టుకెళ్ళి డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు తెచ్చుకున్నారు. అప్పుడెవరో చెప్పారు: "ఐపీ పెడితే ముందు ఇల్లే పోతుంది, ఎవరి పేరునైనా రాసెయ్." ఆయన ఆ ఇంటిని మా పెద్దమ్మ తమ్ముడి పేరున, అంటే మా మామయ్య పేరున గిఫ్టు రిజిస్ట్రేషన్ చేశాడు. మామయ్యకు ఒంగోలులో స్పేర్ పార్టుల కొట్టు ఉంది. మోసం చేద్దామనే ఉద్దేశం ఆయనకూ లేదు. కానీ మూడేళ్ళకు ఆయన కొట్టుకే డబ్బు అవసరమై, ఆ ఇంటి దస్తావేజులు ఒక బ్యాంకులో పెట్టాడు. వ్యాపారం దెబ్బతింది. బ్యాంకు ఇంటికి తాళం వేసి వేలం వేసింది.

పెదనాన్నకు అప్పిచ్చిన పదకొండు మందిలో ఒక్కరూ ఆ ఇంటి జోలికి రాలేదు. అది ఆయన పేరునే ఉండి ఉంటే వాళ్ళు రాలేకపోయేవాళ్ళు కూడా. ఎందుకో చెప్పాలంటే ముందు ఐపీ అంటే ఏమిటో చూడాలి.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, దివాలా దరఖాస్తు. జిల్లాల్లో ఇది నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అని చాలామంది అడుగుతారు. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీల అప్పుకు సొంత హామీ ఇచ్చినవాళ్ళకు మాత్రమే 2019 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంటే రైస్ మిల్లును కంపెనీగా పెట్టి, దాని అప్పుకు తాను గ్యారంటీ సంతకం చేసిన డైరెక్టరు కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌టీకి వెళ్ళాలి. మామూలు రైతు, కిరాణా కొట్టు ఆయన, టీచరు మాత్రం నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి ఊళ్ళలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకే వెళ్తారు. చట్టం ఎంత పాతదంటే, అప్పు అయిదు వందల రూపాయలు ఉంటే చాలు పిటిషన్ వేయొచ్చు. ఆ అంకె ఇప్పటికీ మారలేదు. ఇక్కడ మనవాళ్ళకు మరో తిరకాసు ఉంది. చెన్నై నగరానికి ఈ చట్టం వర్తించదు, అక్కడ 1909 నాటి వేరే చట్టం. నెల్లూరులో కొట్టు, చెన్నైలో కాపురం ఉన్నవాళ్ళు ఏ కోర్టు అన్నది ముందే తేల్చుకోవాలి.

పిటిషన్ వేయగానే అప్పు రద్దయిపోదు. కోర్టు నోటీసులు ఇస్తుంది, అప్పిచ్చినవాళ్ళు వచ్చి అభ్యంతరాలు చెబుతారు, మీరు నిజంగానే తీర్చలేని స్థితిలో ఉన్నారా అని చూస్తుంది. నమ్మితే మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటనతో మీ ఆస్తి కోర్టుకు గానీ, రిసీవరుకు, అంటే ఆస్తి చూడడానికి కోర్టు పెట్టే మనిషికి గానీ దఖలు పడుతుంది. ఆ దఖలు లెక్క ప్రకటన రోజు నుంచి కాదు, పిటిషన్ వేసిన రోజు నుంచే. రిసీవరు ఆస్తి అమ్మి అందరికీ పంచుతాడు.

అయితే ఈ దఖలు సంగతి చెప్పే 28వ సెక్షన్‌లో అయిదో ఉపసెక్షన్ ఒకటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జప్తు చేయకూడని ఆస్తి ఏదైనా రిసీవరుకు చెందదని అది చెబుతుంది. ఆ జాబితా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంటుంది. ఐపీ పెట్టాలనుకునే ప్రతి మనిషీ వకీలు దగ్గర కూర్చుని ముందుగా చదివించుకోవాల్సింది ఈ 60వ సెక్షనే.

ఇంటి సంగతి

ఆ జాబితాలో వ్యవసాయదారుడి ఇల్లు ఉంది. కూలీ ఇల్లు ఉంది. ఇంటి పనివాళ్ళ ఇల్లు ఉంది. ఇల్లంటే గోడలు, కప్పు మాత్రమే కాదు. దాని స్థలం, దాన్ని ఆనుకుని ఆ ఇంటి వాడకానికి అవసరమైన జాగా కూడా. రెండు షరతులు: అది వాళ్ళ సొంతమై ఉండాలి, వాళ్ళు అందులో ఉంటూ ఉండాలి.

మా పెదనాన్న ఈ రెండు షరతులకూ సరిపోయేవాడు. సొంత ఇల్లు, పుట్టినప్పటి నుంచి అందులోనే కాపురం, బతుకు పూర్తిగా సేద్యం మీదే. గిఫ్టు రాయగానే "సొంతం" అన్న షరతు ఆయన చేతులతో ఆయనే తీసేశాడు. మామయ్యది కొట్టు వ్యాపారం, ఆ ఇంట్లో ఉండేది ఆయన కాదు, పైగా దస్తావేజులు బ్యాంకులో పెట్టాడు. చట్టం కప్పిన కప్పును తీసి, కప్పు లేని మనిషి చేతికి ఇల్లు ఇచ్చినట్టయింది.

వ్యవసాయదారుడు అంటే ఎవరో కూడా చట్టమే చెబుతుంది. స్వయంగా సాగు చేస్తూ, బతుకుతెరువు ముఖ్యంగా వ్యవసాయ ఆదాయం మీదే ఆధారపడినవాడు. పొలం సొంతమైనా, కౌలైనా, పాలికైనా ఫరవాలేదు. కోవూరు దగ్గర సెంటు భూమి లేకుండా పదెకరాల వరి కౌలుకు చేసే రైతు కూడా ఇందులోకి వస్తాడు. ఇరవై ఎకరాలు కౌలుకిచ్చి నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం వ్యాపారం చేసే ఆయన రాడు. పాస్‌బుక్‌లో పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎరువుల బిల్లులు, పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్, వేలం కేంద్రం చీటీలు, కౌలు కాగితం, ధాన్యం అమ్మిన రసీదులు, ఇవే మీరు సేద్యగాడని కోర్టుకు చెప్పే సాక్షులు. సగం ఆదాయం పొలం నుంచి, సగం పురుగుమందుల కొట్టు నుంచి వచ్చేవాళ్ళ దగ్గరే అసలు గొడవ. "ముఖ్యంగా" అన్న మాట మీద వాదనంతా నడుస్తుంది.

కూలీ అన్న మాటలో నైపుణ్యం ఉన్నవాళ్ళూ వస్తారు. చీమకుర్తి క్వారీలో రాయి కోసే మనిషి, నెల్లూరులో తాపీ మేస్త్రి, రొయ్యల షెడ్డులో తలలు తీసే అక్క, వీళ్ళు ఉంటున్న సొంత ఇంటిని కాపాడమని అడగొచ్చు.

ఇక చేదు మాట. కొట్టు పెట్టుకున్నవాళ్ళకు, ఆర్టీసీ ఉద్యోగికి, ప్రైవేటు స్కూలు టీచరుకు ఈ రక్షణ లేదు. ముప్పై ఏళ్ళు కష్టపడి కట్టుకున్న రెండు గదుల ఇల్లయినా రిసీవరు అమ్మవచ్చు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. 2016 చట్టంలో వృత్తితో సంబంధం లేకుండా, తాకట్టులో లేని ఒక్క నివాసాన్ని నిర్ణీత విలువ లోపు వదిలేయాలన్న నియమం ఉంది. అది మామూలు మనుషులకు ఇంకా అందుబాటులోకి రాలేదు. కాబట్టి పట్నంలో ఇల్లున్న వ్యాపారి ఐపీ గురించి ఆలోచిస్తుంటే, పిటిషన్ కన్నా ముందు రాజీకి ప్రయత్నించడం మేలు. లోక్ అదాలత్‌లో వాయిదాల మీద ఒప్పుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, మళ్ళీ అప్పీలు ఉండదు.

రైతు ఇంటికైనా ఒక మినహాయింపు ఉంది. ఇంటిని తాకట్టు పెట్టి ఉంటే, దస్తావేజులు బ్యాంకులో ఉంటే, ఈ కవచం పనిచేయదు. దివాలా చట్టం తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాడి హక్కును ముట్టుకోదు. అతను రిసీవరుతో పని లేకుండా తన తాకట్టు మీద వసూలు చేసుకోవచ్చు. బ్యాంకులో పెట్టిన బంగారం, ఫైనాన్సు మీద తీసుకున్న ట్రాక్టరు, ఇవన్నీ ఇదే లెక్క. ప్రోనోటు అప్పు అలా కాదు, దానికి తాకట్టు లేదు. అందుకే కొందరు నోటులోనే "నా ఇంటి మీద ఏ మినహాయింపూ కోరను" అని రాయించుకుంటారు. ఆ మాట చెల్లదు. 60వ సెక్షన్ హక్కును ముందుగా వదులుకునే ఒప్పందం ఏదైనా చెల్లదని చట్టంలోనే ఉంది.

పొలం మాటేమిటి? ఇక్కడే చాలామంది పొరబడతారు. కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకోవడానికి సర్ఫేసీ అనే చట్టం ఉంది, దాని కింద వ్యవసాయ భూమిని మాత్రం తీసుకోలేవు. ఆ సంగతి విని "పొలం ఎవరూ ముట్టరు" అనుకుంటారు. కానీ కోర్టు డిక్రీలో జప్తుకు, ఐపీలో రిసీవరుకు పొలం వెళ్తుంది. ఇల్లు, పనిముట్లు, పశువులు, విత్తనాలు కాపాడిన చట్టం భూమిని కాపాడలేదు. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు డీకే పట్టాగా ఇచ్చిన భూమి సంగతి వేరు. 1977 చట్టం ప్రకారం దాన్ని కోర్టు డిక్రీ అమలులో కూడా అమ్మకూడదు. కాకపోతే 2023 సవరణ కొందరికి అమ్ముకునే హక్కు ఇచ్చింది, కాబట్టి మీ డీకే పట్టా ఏ స్థితిలో ఉందో తాసిల్దార్ కార్యాలయంలో కనుక్కోవాలి.

ఇంట్లో మిగిలేవి

ఒకసారి మా వీధిలో కోర్టు అమీను జప్తుకు వచ్చినప్పుడు నేను చూశాను. వరండాలో స్టూలు మీద కూర్చుని జాబితా రాస్తున్నాడు. టీవీ రాశాడు, బైకు రాశాడు. మూలనున్న కుట్టు మిషను దగ్గర ఆగి, "ఇది ఎవరిదమ్మా, దీని మీదేనా బతుకు?" అని అడిగాడు. ఆమె తలూపింది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది. అమీను పెన్ను మూసి పక్క గదిలోకి వెళ్ళాడు. చేతివృత్తివాళ్ళ పనిముట్లు జప్తు చేయకూడదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఆయన ఉలి, బాడిస అయినా ఇంతే.

కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు తీయకూడని నగ అంటే మంగళసూత్రం, ఇవి ఎవరూ తీసుకోలేరు. రైతుకు సేద్యపు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు మిగులుతాయి. ఆ "అవసరమని కోర్టు భావించిన" అన్న మాట మన వైపు పెద్దదే. దుక్కి దున్నే జతకు అభ్యంతరం ఉండదు. బండలాగుడు పందేల కోసం లక్షలు పోసి పెంచే ఒంగోలు గిత్తను బతుకుతెరువు అని నిలబెట్టడం కష్టం.

జీతగాళ్ళకు మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు భద్రం. నెలకు 31 వేలు వస్తే 21 వేలు మీవే, పది వేలు జప్తుకు దొరుకుతాయి. కూలి డబ్బులు, పెన్షన్, గ్రాట్యుటీ, పీఎఫ్, పీపీఎఫ్, మీ ప్రాణం మీద తీసుకున్న బీమా పాలసీ డబ్బు, వీటిని ముట్టకూడదు. బ్యాంకులో మామూలు డిపాజిట్ మాత్రం రిసీవరుదే. అందుకని పీఎఫ్ డబ్బును అప్పులవాళ్ళ ఒత్తిడికి తట్టుకోలేక ముందే తీసి ఇచ్చేయకండి. ఎవరూ తీసుకోలేని డబ్బు అదే.

ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. మామూలు డిక్రీలో లెక్కల పుస్తకాలు జప్తు చేయకూడదు. ఐపీలో అవి అప్పగించి తీరాలి. చిట్టా, పద్దు పుస్తకం దాచితే మిగతావి చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆడవాళ్ళ ఆస్తి సంగతి ఇంటింటా అడుగుతారు. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం, ఆమె పేరున వచ్చిన పొలం ఆమెదే. భర్త అప్పుకు భార్య స్త్రీధనం బాధ్యత కాదు. అయితే ఆమె కూడా నోటు మీద సంతకం పెట్టి ఉంటే కథ మారుతుంది. దయచేసి భార్యల చేత అలా సంతకం పెట్టించవద్దు. ఇక కొడుకుల విషయం. తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మం అన్న పాత హిందూ న్యాయసూత్రాన్ని ఆధారం చేసుకుని 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పులకు కొడుకు వాటా మీదకు వెళ్ళడానికి వీల్లేదు. ఉమ్మడి కుటుంబ అవసరానికి చేసిన అప్పు అని నిరూపిస్తే మాత్రం ఆ వాదన వేరుగా నడుస్తుంది.

రాసిచ్చిన ఆస్తి వెనక్కి వస్తుంది

మా పెదనాన్నకు ఆ సలహా ఇచ్చిన మనిషికి తెలియని ఇంకో సంగతి 1920 దివాలా చట్టంలోని 53వ సెక్షన్. ఆస్తి బదిలీ చేసిన రెండేళ్ళ లోపు ఐపీ పిటిషన్ పడి, దివాలా ప్రకటన వస్తే, రిసీవరు ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. బావమరిదికి గిఫ్టు, అల్లుడికి సగం ధరకు అమ్మినట్టు కాగితం, ఇవన్నీ తిరగబడతాయి. నిజమైన ధర ఇచ్చి, సంగతి తెలియక కొన్నవాళ్ళది నిలుస్తుంది. పెళ్ళికి ముందు, పెళ్ళి నిమిత్తంగా రాసినదీ నిలుస్తుంది. రెండేళ్ళు ఓపిక పడితే చాలనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అప్పిచ్చినవాళ్ళు ఆస్తి బదిలీ చట్టంలోని 53వ సెక్షన్ కింద విడిగా దావా వేయవచ్చు. అక్కడ ఈ రెండేళ్ళ గీత లేదు.

అలాగే దివాలా చట్టంలోనే 54వ సెక్షన్. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో, మిగతావాళ్ళను పక్కనబెట్టి ఒక్కరికే మేలు చేయాలని తీర్చిన బాకీని వెనక్కి రప్పించవచ్చు. "మా అక్క డబ్బు ముందు ఇచ్చేసి తర్వాత ఐపీ పెడతా" అనేవాళ్ళ మనసు నాకు అర్థమవుతుంది. కానీ చివరికి ఆ అక్కే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. ఆస్తి దాచితే, లెక్కలు తప్పుగా ఇస్తే ఏడాది వరకు జైలు కూడా ఉంది.

జైలు అన్నాం కాబట్టి: తీర్చలేకపోవడం నేరం కాదు. డబ్బు లేని మనిషిని అప్పు కోసం సివిల్ జైలులో పెట్టకూడదని, ఉండీ ఎగ్గొట్టే దురుద్దేశం కనిపించాలని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఆడవాళ్ళను డబ్బు డిక్రీ కోసం అరెస్టు చేయడానికి అసలే వీల్లేదు. 2015లో పొగాకు ధరలు పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు వస్తారేమో, పరువు పోతుందేమో అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు ఈ రెండు వాక్యాలు ఎవరైనా చదివి వినిపించాలి.

ఐపీ ఆపలేనివి కూడా ఉన్నాయి. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ కేసు, ఐపీ పెట్టినంత మాత్రాన ఆగదు. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భార్యాపిల్లలకు కోర్టు వేసిన మనోవర్తి, ఇవి విముక్తి వచ్చినా మిగులుతాయి. చీటీ పాటకు మీ తరఫున హామీ సంతకం పెట్టిన స్నేహితుడు కూడా బయటపడడు. మీరు బయటపడ్డాక చీటీవాళ్ళు అతని మీద పడతారు. ఆయనకు ముందే చెప్పడం కనీస మర్యాద.

ఆఖరిగా, ఎక్కువమంది మరిచిపోయే మెట్టు. దివాలా ప్రకటనలో కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆ లోపు విముక్తి కోసం, అంటే డిశ్చార్జి కోసం మళ్ళీ దరఖాస్తు చేయాలి. చేయకపోతే ప్రకటనే రద్దు కావచ్చు. అప్పుడు అప్పులవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి తలుపు తడతారు. విముక్తి వచ్చే దాకా మీకు కొత్తగా వచ్చే ఆస్తి కూడా రిసీవరుదే. ఆ మధ్యలో తండ్రి పోయి రెండెకరాలు వాటా వస్తే అవి మీవి కావు. అందుకని గడువు తేదీని వకీలు గుమస్తా డైరీలోనే కాక మీ ఇంటి క్యాలెండర్ మీద కూడా రాసుకోండి. వకీలు ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు, ఆడవాళ్ళు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలవాళ్ళు నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్ళేటప్పుడు నోట్ల నకళ్ళు, ఇంటి పన్ను రసీదు, పాస్‌బుక్, సేద్యం బిల్లులు తీసుకెళ్ళండి. ఇంటి దస్తావేజు కూడా, మీ పేరున ఉన్నది ఉన్నట్టుగానే.